సూది ఆసరా మాత్రమే.. మందుకు బదులు కాదు

అమెరికాలో 2023లో మాదకద్రవ్యాల మోతాదు మించి చనిపోయినవారు లక్షకు పైనే. 2024లో ఆ సంఖ్య సుమారు 80 వేలకు దిగింది. ఊరట కలిగించే మార్పే అయినా, వ్యసనం నుంచి బయటపడటానికి ఏ దారి పట్టాలన్న అయోమయం చాలా ఇళ్లలో అలాగే ఉంది. ‘ఇంగ్లిష్ మందులు’ అంటే భయం, నలుగురికీ తెలుస్తుందన్న బెంగ ఉన్న మన కుటుంబాలకు అక్యుపంక్చర్, చైనా మూలికలు సులువైన మార్గంలా కనిపిస్తాయి. ఇందులో ఎంతవరకు నమ్మొచ్చు?

చెవికి అయిదు సూదులు

1970ల తొలినాళ్లలో హాంకాంగ్ న్యూరోసర్జన్ హెచ్.ఎల్.వెన్, శస్త్రచికిత్సకు ముందు సూదులు వాడిన రోగుల్లో నల్లమందు మానినప్పటి బాధలు తగ్గడం గమనించారు. అదే కాలంలో న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్‌లో హెరాయిన్ బస్తీలను పీల్చేస్తోంది. యంగ్ లార్డ్స్, బ్లాక్ పాంథర్స్ ఉద్యమకారుల పోరాటంతో 1970లో లింకన్ ఆసుపత్రిలో విముక్తి కేంద్రం మొదలైంది. మెథడోన్‌ను నమ్మని కార్యకర్తలు అక్కడ సూదుల పద్ధతిని చేపట్టారు. తర్వాత అది ఒక్కో చెవికి అయిదు బిందువుల విధానంగా స్థిరపడింది. దాని ప్రచారానికి డాక్టర్ మైఖేల్ స్మిత్ చొరవతో 1985లో ‘నాడా’ సంస్థ ఏర్పడింది. 1989లో మయామీలో ప్రారంభమైన తొలి డ్రగ్ కోర్టు కూడా ఈ సూదులను తన చికిత్సలో చేర్చింది.

పరీక్షలో ఏం తేలింది?

కొకైన్ వ్యసనపరులు 620 మందిపై జరిపిన పెద్ద అధ్యయనం 2002లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. ఒక బృందానికి అసలు బిందువుల్లో, రెండో బృందానికి వేరే చోట్ల సూదులు గుచ్చారు. మూడో బృందానికి మనసును సేదదీర్చే వీడియోలు చూపారు. మూడింటిలోనూ వాడకం కొంత తగ్గింది, కానీ బృందాల మధ్య తేడా కనిపించలేదు. అంటే సూది ఒక్కటే చికిత్స అనడానికి ఆధారం దొరకలేదు.

అలాగని పూర్తిగా తీసిపారేయనక్కర్లేదు. అరగంట, ముప్పావుగంట నలుగురితో కలిసి మౌనంగా కూర్చోవాలి. ఎవరికీ ఏదీ చెప్పుకోనక్కర్లేదు. కౌన్సెలింగ్ అంటే నోరు విప్పలేనివారిని కేంద్రానికి మళ్లీ రప్పించడానికి ఇది పనికిరావచ్చు. శుభ్రమైన కొత్త సూదులు, శిక్షణ పొందిన చేయి ఉంటే ప్రమాదం తక్కువే.

అసలు ముప్పు ఎక్కడ?

మందు మానేసి సూదినే నమ్ముకుంటేనే ముప్పు. ఓపియాయిడ్ వ్యసనంలో మెథడోన్, బుప్రెనార్ఫిన్ మరణాలను తగ్గిస్తాయని రుజువైంది. వాటిని ఆపితే శరీరానికి మత్తును తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఆ తర్వాత పాత మోతాదే ప్రాణం తీయొచ్చు. రోజూ బాగా తాగేవారు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు. అక్కడ కావాల్సింది డాక్టర్ పర్యవేక్షణ. సప్లిమెంట్లుగా అమ్మే మూలికలకు ముందస్తు ఎఫ్‌డీఏ ఆమోదం ఉండదు. కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఏది వాడినా డాక్టర్‌కు చెప్పాలి.

దాచినంత కాలం చికిత్స ఆలస్యమవుతుంది. తాగి కారు నడిపి అరెస్టయితే వీసానే రద్దు కావచ్చు. వ్యసన చికిత్స రికార్డుల గోప్యతకు ప్రత్యేక ఫెడరల్ నిబంధనలున్నాయి. గ్రీన్‌కార్డు వైద్య పరీక్షపై అనుమానాలుంటే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. అంతేగానీ చికిత్స వాయిదా వేయొద్దు. 2023 నుంచి బుప్రెనార్ఫిన్ రాయడానికి డాక్టర్లకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు కాబట్టి ఫ్యామిలీ డాక్టర్‌తోనే మొదలుపెట్టొచ్చు. ఓపియాయిడ్ మోతాదు మించినప్పుడు ప్రాణం నిలిపే నార్కాన్ స్ప్రే చీటీ లేకుండానే దొరుకుతోంది. అత్యవసర మానసిక సాయానికి 988 రాత్రింబవళ్లు పనిచేస్తుంది.

సూదుల కేంద్రంలో చేరేముందు ఒక్క ప్రశ్న వేయండి: ‘డాక్టర్ ఇచ్చిన మందులు కొనసాగించమంటారా, ఆపేయమంటారా?’ ఆపేయమంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.