నాలుగో ఏడు ఎవరి ఫైసలా?

నెల రోజులుగా మా ఇంట్లో ఒకటే బహస్. మా బేటీ బీఎస్సీ కెమిస్ట్రీ మూడో ఏడు పూర్తి చేస్తోంది. ఇక్కడితో డిగ్రీ పట్టా తీసుకుని బయటికి రావచ్చు, లేదా నాలుగో ఏడు కూడా చదివి ఆనర్స్ తీసుకోవచ్చు. తను చదువుతానంటోంది. "రిష్తాలు వస్తున్న టైంలో ఇంకో ఏడాదా?" అంది మా ఆపా. నిజం చెప్పాలంటే, నా దిల్‌లో ఉన్న మాట కూడా అదే.

ఈ ఫికర్ మా ఒక్క ఇంటిది కాదు. అందుకే నేను తెలుసుకున్నది మీకూ చెబుతున్నా.

2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160 క్రెడిట్లు కావాలి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవాళ్లు రీసెర్చ్‌తో కూడిన ఆనర్స్ తీసుకోవచ్చు. మూడేళ్లకే ఆగితే పీజీ రెండేళ్లు. ఆనర్స్ చేస్తే, ఆ కోర్సు పెట్టిన యూనివర్సిటీలో పీజీ ఒక్క ఏడాదే. ఎలా చూసినా మొత్తం ఐదేళ్లే! పీజీ చేయాలనుకునే పిల్లకి ఏడాది బర్బాద్ అనే మాట నిలవదు. పైగా నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేసుకునే హక్ కూడా ఉంది.

అలాగని అందరికీ ఇదే సహీ దారి అనను. సివిల్స్‌కీ, గ్రూప్స్‌కీ, బ్యాంకు పరీక్షలకీ, బీఈడీకీ మూడేళ్ల డిగ్రీ చాలు. ఇంటికి వెంటనే ఒక జీతం కావాల్సిన పిల్లలు మూడేళ్లకే బయటికొస్తే అందులో షరమ్ పడాల్సింది ఏమీ లేదు. ఆనర్స్ అనే పేరు చూసి మాత్రం చేరకండి. ముందు కాలేజీలో అడగండి: నాలుగో ఏడు నడపడానికి పర్మిషన్ ఉందా? రీసెర్చ్ చేయించే సార్లు, ల్యాబ్ ఉన్నాయా? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ ఏడాదికీ వర్తిస్తుందా? జవాబు కాగితం మీద తీసుకోండి. నోటి మాట నమ్మి తర్వాత పరేషాన్ కావద్దు.

ఇదంతా మా బేటీకి వివరించాను. మొత్తం విని ఒక్క మాట అంది: "అబ్బా, ఫీజు గురించి అడిగారు, రిష్తాల గురించి అడిగారు. నాకేం చదవాలనుందో ఇంతవరకూ ఒక్కసారీ అడగలేదు."

నా దగ్గర జవాబు లేదు. మా పెద్దోడు బీటెక్ నాలుగేళ్లు చదివాడు. 'మూడేళ్లు చాలదా' అని వాణ్ని ఎవరూ అడగలేదు, నాతో సహా. వాడి నాలుగో ఏడు మాకు తాలీమ్‌గా కనిపించింది. అమ్మాయి నాలుగో ఏడు ఆలస్యంగా కనిపిస్తోంది. లెక్క ఒకటే, తరాజు వేరు.

జహేజ్ కోసమని ఆడపిల్ల పుట్టిన రోజు నుంచీ కూడబెడతాం. అందులోంచి ఒక్క ఏడాది ఫీజు తీస్తే కొంప మునగదు. చదువుకున్న పిల్ల వద్దనే రిష్తా అయితే, అది పోవడమే మంచిది.

సోమవారం కాలేజీకి ఇద్దరం వెళ్తున్నాం. సవాళ్లన్నీ తనే రాసుకుంది, తనే అడుగుతుంది. నేను పక్కన కూర్చుంటాను. ఫైసలా తనది, దువా మాది.