టీసీ ఇస్తే వ్యసనం వదులుతుందా?

ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. సప్తవ్యసనాలను పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. ఆ ఏడింటిలో పానంతోపాటు వాక్పారుష్యం, దండపారుష్యం కూడా ఉన్నాయి. పానం గురించి పిల్లలకు నీతులు చెబుతాం. పరుషంగా మాట్లాడటం, పరుషంగా దండించటం మాత్రం మన జన్మహక్కులనుకుంటాం. ఇంత కటువుగా రాయటానికి కారణముంది.

నేను పనిచేసిన ఒక పాఠశాలలో పదవ తరగతి కుర్రవాడొకడు, పద్యం రెండుసార్లు వింటే అప్పజెప్పేవాడు. అర్ధసంవత్సర పరీక్షల నాటికి మొదటి పాదం తరువాత రెండవది గుర్తురాని స్థితికి వచ్చాడు. పాత స్నేహితులు దూరమయ్యారు. మధ్యాహ్నం అన్నం ముట్టేవాడు కాదు. ఎర్రబడిన కళ్ళు, ముక్కు చుట్టూ పొక్కులు, జేబురుమాలుకు సైకిలు పంక్చర్లకు వాడే సొల్యూషన్ వాసన. అన్నీ చూశాను. చూసి "పొగరెక్కింది" అన్నాను. జేబులో ట్యూబు దొరికిన రోజున పెద్దలందరం కూర్చుని, బడి పరువు కాపాడాలని తీర్మానించి, టీసీ తండ్రి చేతిలో పెట్టాం. అందులో నడవడిక గడిలో "సంతృప్తికరం" అని రాసింది నేనే.

బడిలో ఉన్నంతసేపైనా వాడు మా కళ్ళ ముందుండేవాడు. మరునాటి నుంచి ఆ గంటలన్నీ ఆ ట్యూబు అలవాటు చేసినవాడికి అప్పగించాం.

ఇవాళ గంజాయి పొట్లాలుగానే కాక చాక్లెట్ల రూపంలోనూ దొరుకుతోంది. మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్ళ దాకా సాగుతుంది. ఆ వయసులో గంజాయి జ్ఞాపకాన్నీ ఏకాగ్రతనూ దెబ్బతీస్తుంది, కొందరిలో లేనిపోని భయాలూ భ్రమలూ పుట్టిస్తుంది. సొల్యూషన్ పీల్చినవాడి గుండె మొదటిసారికే ఆగిపోవచ్చు.

"కఠినంగా ఉండకపోతే మిగతా పిల్లలు చెడిపోరా?" అంటారు. ఉండండి, కానీ ఎవరిపట్ల? 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎంతో కఠినమైనది. అందులోనే 64ఏ సెక్షన్, కొద్దిపాటి సరుకుతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే అతనికి ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తోంది. పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చినవాడికి 2015 నాటి బాలల న్యాయచట్టం ఏడేళ్ళ దాకా కఠిన కారాగారం విధిస్తోంది. మనమో, ఇచ్చినవాడి జోలికి పోకుండా పిల్లవాణ్ణి గెంటేస్తున్నాం.

తల్లిదండ్రులకూ ఒక మాట. "మావాడు అలాంటివాడు కాదు" అనుకుని కళ్ళు మూసుకోకండి. ఇంట్లో డబ్బు మాయమవటం, నిద్రవేళలు తారుమారవటం, గది తలుపు ఎప్పుడూ మూసి ఉండటం గమనించండి. అయితే ఇందులో ఏ ఒక్కటీ రుజువు కాదు. దిగులువల్లా, ఇంట్లో కలతలవల్లా కూడా ఇలా జరగవచ్చు. నలుగురిలో నిలదీయకండి. ఏకాంతంలో అడగండి, చెప్పేది వినండి, వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి. 14446కు ఫోను చేస్తే ఉచితంగా సలహా చెబుతారు.

సంస్కృతంలో వ్యసనమనే మాటకు ఆపద అనే అర్థమూ ఉంది. ఆ అర్థం నాకు నిఘంటువులో తెలుసు, ఆ పిల్లవాడి ముఖంలో తెలియలేదు. ఇప్పుడు పాఠాలు చెబుతున్న మిత్రులారా, టీసీ పుస్తకం తీసే ముందు ఒక్కసారి ఆగండి.