రెమింగ్టన్ పతనము - భివండి సాంచెలు



రెమింగ్టన్ అనగానే నావంటి పాత గుమాస్తాలకు టైపు మిషను జ్ఞాపకమునకు వస్తుంది. కాని ఆ పేరు మొదట తుపాకులది. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున ఇలియన్ అను చిన్న ఊరి ప్రాంతములో 1816లో ఎలిఫలెట్ రెమింగ్టన్ మొదలుపెట్టిన పని అది. ఆయన వారసులు 1873లో టైపు మిషనుల తయారీకి ఒప్పుకొని, 1886లో ఆ వ్యాపారమును అమ్మివేసినారు. తుపాకుల పని మాత్రము అక్కడనే సాగినది.

ఆ ఇలియన్ కార్ఖానా 2024 మార్చిలో మూతబడినది. దాదాపు 270 మందికి పని పోయినది. తుపాకులపై నాకు మమకారమేమియు లేదు. 2012లో సాండీ హుక్ బడిలో పసిపిల్లలను బలిగొన్నది ఈ కంపెనీ తుపాకియే. నా బాధ కార్మికులను గురించి.

2007లో సెర్బరస్ అను పెట్టుబడి సంస్థ ఈ కంపెనీని కొన్నది. అప్పులు పెరిగి 2018లో ఒకమారు, 2020లో మరొకమారు కంపెనీ దివాలా తీసినది. రెండవమారు దానిని ముక్కలుగా అమ్మినారు. తూటాల వ్యాపారము ఒకరికి, తుపాకుల తయారీ మరొకరికి పోయినవి. ఆ అక్టోబరులో 585 మందిని తొలగించి, ఒప్పందము ప్రకారము రావలసిన సొమ్ము సైతము ఇవ్వజాలమన్నారు. కొత్త యజమానులు జార్జియా రాష్ట్రమునకు తరలిపోయినారు. పేరు బ్రతికినది, ఊరు దిక్కులేనిదైనది.

ఇది మనకెందుకని కొందరు అడుగవచ్చును. తెలంగాణ జిల్లాలనుండి మన పెద్దలు ఈ భివండికి వచ్చినది సాంచెలను నమ్ముకొనియే గదా! నేడు ఆ సాంచెలు పాత ఇనుము క్రింద అమ్ముడుపోవుచున్నవి. ఊరి చుట్టూ గోదాములు లేచుచున్నవి. సేఠులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. నూలు ధర, కరెంటు బిల్లు, 2016 నోట్ల రద్దు, 2017 జీఎస్టీ, 2020 లాక్‌డౌన్ చిన్న యజమానుల నడుము విరిచినవి. షటిల్ లేని కొత్త మగ్గములతో పాత సాంచె పోటీపడలేకున్నది.

అయితే ఇలియన్ వారికి యూనియన్ ఉండెను, వ్రాతపూర్వకమైన ఒప్పందముండెను. అయినను వారి గతి అట్లయినది. ఇక మీటరు లెక్కన కూలి తీసుకొను మన కార్మికులలో ఎందరికి హాజరుపట్టీలో పేరున్నది? ఎందరికి ప్రావిడెంటు ఫండు ఉన్నది? కాగితము లేనివాని మొర ఏ ఆఫీసులోను చెల్లదని నా ఉద్యోగకాలమంతయు చూచితిని.

కావున ప్రభుత్వము కరెంటు రాయితీ ఇచ్చునప్పుడు ప్రతి కార్ఖానాలోని కార్మికుల పేర్లు నమోదు చేయవలెనని షరతు పెట్టవలెను. సాంచెలు అమ్మునప్పుడు ముందుగా కూలి బాకీలు తీర్చవలెను. మన కుల సంఘములు కల్యాణ మంటపములపై చూపు శ్రద్ధలో కొంతైన మన యువకులకు కొత్త మగ్గముల పని నేర్పించుటపై చూపవలెను. ఇనుమునకు తూకమున్నది, ధర ఉన్నది. దానిని నడిపిన మనిషిని కూడ లెక్కలో చేర్చుడని నా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
పద్మనగర్, భివండి.