చూపు ఎటో బోర్డు అటే

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లర్ల పక్కన స్కూటీ నడిపిన వాళ్లందరికీ ఈ అనుభవం అయ్యే ఉంటుంది. ముందు ఒక గుంత కనిపిస్తుంది. ‘అందులో పడకూడదు, పడకూడదు’ అనుకుంటూ దాన్నే చూస్తాం. పక్కన బోలెడంత రోడ్డు ఖాళీగా ఉన్నా సరే, సరిగ్గా వెళ్లి ఆ గుంతలోనే దిగుతాం.

ఆ గుంతకీ, సముద్రంలో సొరచేపకీ సంబంధం ఉందని నాకు ఈ మధ్యే తెలిసింది. అది తెలియడానికి కాస్త ఉప్పునీళ్లు తాగాల్సి వచ్చింది.

మా ఇల్లు చైతన్యపురిలో. నాకున్న కొత్త పిచ్చి సర్ఫింగ్. హైదరాబాద్‌లో సముద్రం లేదు కదా అంటారా? ఎల్బీనగర్ ఉంది కదా! శుక్రవారం రాత్రి అక్కడ బస్సెక్కితే పొద్దున్నకి వైజాగ్. అటూ ఇటుగా 620 కిలోమీటర్లు. అక్కడి నుంచి రుషికొండ బీచ్. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన తీరం అది. రెండు రోజులు అలలతో కుస్తీ పట్టి, సోమవారం పొద్దున్నే ఒళ్లు నొప్పులతో ఆఫీసుకి.

అమ్మకి ఇది అస్సలు నచ్చదు. అమ్మది నల్గొండ వైపు. ఆమెకి తెలిసిన సముద్రం నాగార్జునసాగరే. “సొరచేపలుంటయట గదనే, కాలు పట్టుకుంటె ఏం జేస్తవే?” అని ప్రతిసారీ బస్సెక్కేముందు ఫోన్. ‘ఏం కాదులే అమ్మా’ అంటాను గానీ, నిజం చెప్పొద్దూ, ఆ మాట నాతోపాటు బస్సెక్కి సముద్రం దాకా వచ్చేది.

రెండో ట్రిప్‌లో అదే జరిగింది. నడుం లోతు దాటి అల కోసం బోర్డు మీద కూర్చున్నా. ఏదో చల్లగా, మెత్తగా కాలికి చుట్టుకుంది. అంతే, కెవ్వుమని అరిచి బోర్డు మీంచి పడిపోయా. తీరా చూస్తే అది నా కాలికి కట్టుకున్న తాడే. బోర్డు కొట్టుకుపోకుండా కట్టుకునే లీష్!

నవ్వు వచ్చే కథే. కానీ అసలు ప్రమాదం తర్వాత మొదలైంది. నేను సొర భయంలో కొట్టుకుంటున్నంతసేపూ నీళ్లు నన్ను నెమ్మదిగా లోపలికి లాక్కెళ్తున్నాయి. తల తిప్పి చూస్తే ఒడ్డు దూరమైపోయింది. ఒడ్డు వైపే చేతులు వేస్తున్నా. ఎంత వేసినా ఉన్నచోటే ఉన్నా. గుండె గొంతులోకొచ్చింది.

దూరం నుంచి మా కోచ్ అన్న అరుపు వినిపించింది: “బోర్డు వదలకు! ఎదురెల్లకు! పక్కకి, పక్కకి!” బోర్డు మీద పడుకుని, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి వెళ్లా. కాసేపటికి లాగుడు తగ్గింది. తెల్లటి నురగ అల ఒకటి వచ్చి నన్ను ఒడ్డున పడేసింది.

దాన్ని రిప్ కరెంట్ అంటారు. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లన్నీ ఎక్కడో ఒకచోట తిరిగి సముద్రంలోకి పోవాలి కదా. సన్నటి దారి చేసుకుని వేగంగా పోతాయి. చాలాసార్లు ఆ దారిలో అలలు పెద్దగా విరగవు. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. ‘ఇక్కడ అలల్లేవు, ఇక్కడ దిగుదాం’ అని మనలాంటి వాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కుకుంటే చేయాల్సినవి ఇవే: ఎదురీదకూడదు, తేలుతూ ఉండాలి, చెయ్యెత్తి పిలవాలి, ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా ఈదాలి. బీచ్‌కి వెళ్లే ప్రతి ఫ్రెండ్‌కీ ఇది చెప్పండి.

ఆ రాత్రి రూమ్‌లో పడుకుని ఫోన్‌లో సొరల లెక్కలు వెతికా. ఫ్లోరిడా మ్యూజియం వాళ్లు ప్రపంచమంతా సొర కాట్లను నమోదు చేస్తుంటారు. 2024లో మనిషి కవ్వించకుండా సొర కరిచిన ఘటనలు ప్రపంచం మొత్తం మీద 47. వాటిలో చనిపోయినవాళ్లు నలుగురు. ఇక మనం? చేపల వేటలో ఏటా సుమారు 10 కోట్ల సొరలు చస్తున్నాయని 2013లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. మన కోస్తాలో బాలింతకు సొరపిట్టు పెడితే పాలు బాగా పడతాయంటారు. ఎవరు ఎవర్ని తింటున్నారో అర్థమైంది కదా!

అలాగని సొర ఉత్త అమాయకురాలని కాదు. 2015 జులైలో దక్షిణాఫ్రికాలోని జెఫ్రీస్ బేలో ఫైనల్ పోటీ లైవ్‌లో నడుస్తుండగా మిక్ ఫానింగ్ అనే ఆస్ట్రేలియా సర్ఫర్ మీదికి సొర వచ్చింది. ప్రపంచమంతా ఊపిరి బిగబట్టి చూసింది. అతను ఒక్క గాయం లేకుండా బయటపడ్డాడు. మరుసటి ఏడాది అదే బేకి తిరిగి వెళ్లి అదే పోటీ గెలిచాడు. అక్కడ సొరలు లేకుండా పోలేదు. అతను చూడాల్సింది అలని అని అతనికి తెలుసు.

మూడో ట్రిప్‌లో నా సమస్య టర్న్. అల మీద లేచి నిలబడటం వచ్చింది, తిన్నగా ఒడ్డుకి రావడం వచ్చింది. తిప్పబోతే మాత్రం బోర్డు ముక్కు నీళ్లలోకి, నేను బోర్డు ముందుకి. పదిసార్లు పడ్డాక అన్న దగ్గరికొచ్చి అడిగాడు: “ఏటి సూత్తన్నావ్ కింద?”

“నా కాళ్లు.”

“కాళ్లెక్కడికీ పోవు. నువ్వెల్లాల్సింది సూడు.”

తర్వాత ఇసకలో గీత గీసి చూపించాడు. అల మీంచి కిందికి దిగేటప్పుడు మోకాళ్లు బాగా వంచాలి. అడుగుకి చేరాక తలెత్తి, అల పైన ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నామో అక్కడ చూడాలి. చూపు వెనక భుజం, భుజం వెనక నడుం, నడుం వెనక బోర్డు. బరువు అల వైపు అంచు మీద పడాలి. వెనక కాలు తోక మీద, కింద రెక్కలున్న చోట ఉంటే బోర్డు తిరుగుతుంది. దీన్నే బాటమ్ టర్న్ అంటారు, మిగతా విన్యాసాలన్నిటికీ ఇదే పునాది. వేగంగా వెళ్లి అలలో బలం లేని చోటికి చేరిపోతే, మళ్లీ నురగ వైపు తిరిగి రావాలి. బలం అక్కడే ఉంటుంది కాబట్టి. అది కట్‌బ్యాక్. నాకింకా రాలేదు.

ఆ సాయంత్రం బాటమ్ టర్న్ ఒక్కటి పడింది. ఒక్కటే. అల పక్కగా మూడు సెకన్లు జారాను. బోర్డు కింద నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. సొర గుర్తు రాలేదు.

సొర కనిపించింది మర్నాడు పొద్దున, ఒడ్డున. మత్స్యకారులు లాగిన వలలో నెత్తళ్లు, కవళ్ల మధ్య మూడు సొరపిల్లలు. జానెడు పొడవు కూడా లేవు. ఒకటి ఇంకా మొప్పలు కదుపుతోంది. నేను ఇన్నాళ్లూ భయపడింది దీనికా అనిపించింది. “పెద్దవి ముందులా పడట్లేదు” అన్నాడు వల లాగిన పెద్దాయన. 2021 డిసెంబర్‌లో ఇదే విశాఖ తీరాన, తంతడి దగ్గర వలలో చిక్కిన భారీ వేల్ షార్క్‌ని అటవీ శాఖ, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. నలుసులాంటి జీవుల్ని వడకట్టుకు తినే ఆ జాతికి చట్టం రక్షణ ఉంది. ఈ జానెడు పిల్లలకి ఎవరూ లేరు.

సోమవారం తెల్లారి ఎల్బీనగర్‌లో దిగి ఇంటికెళ్లా. టీ ఇస్తూ అమ్మ అడిగింది: “కనవడ్డదా సొర?”

“కనబడింది. వలలో.”

“ఎంతుంది?”

వేళ్లు చాపి చూపించాను. అమ్మ కాసేపు నా చెయ్యి వైపే చూసింది. “అయ్యో, పసిది” అంది.

ఆ తర్వాత కాలు పట్టుకుంటుందన్న మాట ఎత్తలేదు. “ఆ లోపలికి గుంజే నీళ్లుంటయంటివి గదా, అవెట్ల గుర్తుపడ్తరో జెప్పు” అని అడిగింది. అమ్మ చూపు ఇప్పుడు సరైన వైపుకి తిరిగింది.

స్కూటీ తాళం తీసుకుని ఆఫీసుకి బయల్దేరా. పిల్లర్ పక్కన గుంత అలాగే ఉంది. నేను రోడ్డు చూశాను.