నామార్థ విచారంలో తొందరపాటు తగదు

ఋగ్వేదం అగ్నిదేవుని పలుచోట్ల ‘యహ్వ’ శబ్దంతో స్తుతించింది. యాస్కాచార్యులు వ్యాఖ్యానించిన నిఘంటువు ఈ పదాన్ని మహత్తును తెలిపే నామాలలో చేర్చింది. బైబిలులోని యెహోవా ఈ యహ్వుడే, కనుక ఆ గ్రంథం కూడా మన వేదానికి ప్రతిధ్వనియే అనే మాట ఆస్తికుల నోట తరచు వినబడుతున్నది. మరొక వైపు, వేదంలోని ప్రజాపతియే క్రీస్తు అని చాటే కరపత్రాలు మన పామర్రు కూడలిలోనూ చేతికి అందుతుంటాయి. ఈ రెండు వాదాలూ కొత్తవి కావు. మొదటిదానిని 1917లో ఒక వ్యాసంలో బాలగంగాధర తిలక్ ప్రతిపాదించారు. రెండవదానిని 1875లో కలకత్తాకు చెందిన కృష్ణమోహన బందోపాధ్యాయ గ్రంథరూపంలో వెలువరించారు. పండితుల ఊహకు దాని గౌరవం దానికున్నది. ఆ ఊహ ఇరుగుపొరుగుల మధ్య వాదానికి ఆయుధంగా మారినప్పుడు మాత్రం వేదం చదివినవారు మౌనం వహించరాదు.

నామానికి అర్థం చెప్పాలంటే ముందు ధాతువును వెదకమన్నది నిరుక్త సంప్రదాయం. ఆ ధాతువు ఆ భాషకే చెందినదై ఉండాలి. హీబ్రూ భాషలో ఆ నామాన్ని ‘ఉండుట’ అనే అర్థంగల ధాతువుతో ముడిపెట్టారు. మండుచున్నా కాలిపోని పొద వద్ద మోషే దేవుని పేరు అడిగినప్పుడు, ఉన్నవాడనే నేను అన్న భావంగల సమాధానం లభించినట్లు నిర్గమకాండం చెబుతుంది. మన ‘సత్’ శబ్దం సైతం ఉనికిని తెలిపే ‘అస్’ ధాతువు నుండి పుట్టినదే. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువునకు బోధించినది ఆ సత్తునే. పోలిక వెదకవలసినది ఈ అర్థంలోనే గాని యహ్వ శబ్దపు మోతలో కాదు. గొప్పతనం వేరు, ఉనికి వేరు.

పైగా యెహోవా అనే ఉచ్చారణ ప్రాచీనమైనది కాదు. మూలంలో ఉన్నవి నాలుగు హల్లులు మాత్రమే. యూదులు భయభక్తులతో ఆ నామాన్ని పలకడం మానివేసి, దాని స్థానంలో ‘నా ప్రభువు’ అనే అర్థంగల ‘అదోనాయ్’ అని చదువుకున్నారు. ఆ పదపు అచ్చులను ఈ హల్లులతో కలిపి చదవగా యెహోవా ఏర్పడినది. అసలు ఉచ్చారణ యాహ్వే కావచ్చునని నేటి పండితుల అభిప్రాయం. అది యహ్వకు మరింత దగ్గరగా వినబడుతున్నదని సంబరపడనక్కరలేదు, ధాతువు మారదు గదా! కత్తోలిక ఆరాధనలో సైతం ఆ నాలుగక్షరాల నామాన్ని ఉచ్చరించవద్దని 2008లో వాటికన్ ఆదేశించింది. భర్త పేరు పలకని మన నాయనమ్మల తరానికి ఈ మర్యాద వేరుగా బోధించనక్కరలేదు. మన మార్గంలో నామజపం విధి, అక్కడ ఆ ఒక్క నామానికి మౌనమే అర్చన. ఈ భేదాన్ని భేదంగానే గ్రహించాలి.

తెలుగువారికి ఆ గ్రంథం మన మాటలలోనే చేరింది. విశాఖపట్నంలో దే గ్రాంజ్ అనే మిషనరీ, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ పండితుని సహాయంతో తెనిగించిన సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చయినాయి. ప్రకాశించుటను తెలిపే ‘దివ్’ ధాతువు నుండి వచ్చిన ‘దేవుడు’ అక్కడా దేవుడే. కత్తోలికులు ‘సర్వేశ్వరుడు’ అన్నారు. 1843లో మన బందరులో రాబర్ట్ నోబుల్ పాఠశాల స్థాపించగా, అగ్రవర్ణాల పిల్లలు సైతం ఆ గ్రంథాన్ని పాఠంగా విన్నారు. ఇన్ని తరాల ఇరుగుపొరుగుతనం తరువాత ఒకరి దైవనామం మరొకరిదేనని లాగుకోవలసిన అవసరమేమున్నది?

బైబిలులోని నామాలలో మమ్ములను ఎక్కువగా ఆకర్షించినది హాగరు పెట్టిన పేరు. ఆమె ఐగుప్తు దేశపు దాసి, గర్భవతి. యజమానురాలి బాధ తాళలేక ఎడారికి పారిపోయి ఒక నీటిబుగ్గ వద్ద ఆగినది. అక్కడ దేవదూత పలుకరించగా ఆమె దేవునికి ‘ఎల్ రోయీ’ అని పేరు పెట్టినది, చూచే దేవుడని అర్థం. విష్ణుసహస్రనామంలో సర్వదృక్, సర్వదర్శీ అనే నామాలున్నవి, అవి సమస్తాన్ని చూచేవాడని చెబుతాయి. దిక్కులేని ఆ స్త్రీకి సమస్తంతో పనిలేదు, తన్ను చూచినాడన్నదే ఆమెకు చాలినది. మనకు సమీపాన ఉన్న మొవ్వ స్వామిని క్షేత్రయ్య మువ్వగోపాలుడని తనవానిగా పిలుచుకొన్నాడు. ఆ చనువు వంటిదే ఇక్కడ కనబడుతున్నది. ఆ నీటిబుగ్గకు సైతం ‘నన్ను చూచే సజీవుని బావి’ అనే అర్థంగల పేరు నిలిచినది.