అరవై గుడ్ల కోడి, మూడు వందల గుడ్ల కోడి

పోయిన నెల సంతలో ఒకాయన గోధుమరంగు గుడ్లు ట్రేలలో పేర్చుకుని 'నాటు గుడ్లు, నాటు గుడ్లు' అని కేకలేస్తున్నాడు. ముప్పై గుడ్ల ట్రేలు ఎనిమిది ఉన్నాయి. అన్నీ ఒకే సైజు, ఒకే రంగు. ఊరంతా తిరిగినా ఇరవై నాటు గుడ్లు దొరకని రోజుల్లో ఈయనకు 240 ఒక్కచోట ఎక్కడివి? అడిగితే నవ్వి ఊరుకున్నాడు. పక్కనే మా ఊరి ఆవిడ ఒకామె బుట్టలో వరిగడ్డి వేసి పద్దెనిమిది గుడ్లు తెచ్చుకుంది. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఒకటి తెలుపు, ఒకటి లేత గోధుమ. కొనేవాళ్లు ఆమె బుట్ట వంక అనుమానంగా చూసి, ట్రేల దగ్గరికి పోయారు.

ఈ మోసం ఎలా సాగుతోందో మనం తెలుసుకోవాలి. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. గోధుమరంగు గుడ్లు పెట్టే ఫారం కోళ్లు కూడా ఉన్నాయి. తెల్ల గుడ్లను టీ డికాషన్‌లో ముంచి రంగు పట్టించేవాళ్లూ ఉన్నారు. కాబట్టి పెంకు చూసి నాటు గుడ్డు అనుకోవడం మన అమాయకత్వం. పచ్చసొన ముదురుగా ఉంటే మంచి గుడ్డు అనేది కూడా సగం నిజమే. కోడి పచ్చగడ్డి, మొక్కజొన్న తింటే సొన రంగు తేలుతుంది. ఫారం కోడి మేతలో రంగు పదార్థం కలిపినా తేలుతుంది.

ఇక బలం సంగతి. నాటు గుడ్డు గురించి మనవాళ్లు చాలా గొప్పలు చెబుతారు, నేనూ చెప్పినవాడినే. మాంసకృత్తుల వరకు రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫారం గుడ్డు 50 గ్రాముల పైన తూగుతుంది, నాటుది 40 గ్రాములకు అటూ ఇటూ. అయితే నాటు గుడ్డులో తెల్లసొనతో పోలిస్తే పచ్చసొన వాటా ఎక్కువ, రుచి అక్కడే ఉంది. ఎండలో తిరిగి, ఆకు అలమూ పురుగూ పుట్రా ఏరుకు తిన్న కోడి గుడ్డులో కొన్ని విటమిన్లు ఎక్కువగా ఉంటాయి. అది తిరుగుడు వల్ల, తిండి వల్ల వచ్చిన గుణం. అదే నాటు కోడిని గదిలో పెట్టి బస్తా మేత వేస్తే ఆ గుణం పోతుంది. ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. పుంజుతో కలిసి తిరిగిన పెట్ట గుడ్డు వేసవిలో తొందరగా పాడవుతుంది, వేడికి లోపల పిండం కదలడం మొదలవుతుంది. పుంజు లేని ఫారం గుడ్డుకు ఆ బాధ లేదు. నాటు గుడ్లు అమ్మే అక్కచెల్లెళ్లు వేసవిలో వారం నిల్వ పెట్టి సంతకు తెస్తే పేరు పోయేది మనదే.

లెక్కలో మాత్రం నాటు కోడికి అన్యాయం జరుగుతోంది. లేయర్ కోడి ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుంది, నాటు పెట్ట 50, 60, బాగా ఉంటే 70. అంతవరకే చెప్పి 'దండగ కోడి' అనేస్తారు. లేయర్ రోజుకు 110 గ్రాముల మేత తింటుంది, ఏడాదికి 40 కిలోలు. మొక్కజొన్న, సోయా అంతా కొని వేయాల్సిందే. 2021లో సోయా చెక్క ధర మండిపోయి కేంద్రం బయటి దేశాల నుంచి దిగుమతికి తలుపులు తీసింది. ఆ ఏడు లేయర్ రైతులు ఎంత నలిగారో చూశాం. వాళ్లూ మన రైతులే. పేపర్లో పడే గుడ్డు రేటు ఒకటి, బండి ఎక్కించేటప్పుడు చేతికొచ్చేది ఒకటి అని వాళ్లు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నారు.

నాటు పెట్ట పన్నెండు, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదిగి, రెండు నెలల దాకా పిల్లల్ని రెక్కల కింద వేసుకుని తిప్పుతుంది. ఆ రోజుల్లో గుడ్డు పెట్టదు. అంటే గుడ్లు తక్కువ పెట్టేది సోమరితనంతో కాదు, హేచరీ పనీ బ్రూడర్ పనీ తనే చేస్తోంది కాబట్టి. లేయర్ కోడిలో ఆ పొదుగు గుణాన్ని తీసేశారు. అందుకే పిల్ల కావాలంటే ప్రతిసారీ కంపెనీ గుమ్మం తొక్కాలి. పత్తి విత్తనంలో జరిగింది మనకు కొత్త కాదు గదా.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమని వనరాజా, గ్రామప్రియ తయారు చేసింది. గ్రామప్రియ ఏడాదికి 200 గుడ్లు పెడుతుంది, మంచిదే. కానీ అవీ సంకరాలే. వాటి గుడ్లు పొదిగించి పిల్లలు తీస్తే ఆ దిగుబడి నిలబడదు, అవి పొదుగుకు కూర్చునేదీ తక్కువే. తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోండి, ఇంట్లో ఉన్న నాటు పెట్టల్ని మాత్రం అమ్ముకోవద్దు.

నాలుగేళ్ల కింద నేనే బోల్తా పడ్డాను. ఒక ఏజెంటు 'అసలు సిసలు నాటు జాతి, పెరిగాక మేమే కొంటాం' అంటే వంద పిల్లలు తీసుకున్నా. నాలుగో నెలకు ముప్పై ఎనిమిది మిగిలాయి. ఏజెంటు ఫోను స్విచాఫ్. ఈము పక్షుల రోజుల్లో ఎంతమంది మునిగారో చూసి కూడా నేను సంతకం పెట్టానంటే ఎవరిని అనాలి?

ఆ పిల్లలు పోయింది కొక్కెర తెగులుకు. మన ఊళ్లలో నాటు కోళ్లను ఊడ్చేసేది ఇదే. టీకా ఉంది, ఖరీదు కూడా పెద్దది కాదు. మొదటి వారంలో కంట్లో చుక్క, రెండు నెలలకు సూది. చిక్కల్లా సీసాలోనే ఉంది. ఒక సీసా వంద కోళ్లకు పైగా వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, అంతదాకా చల్లగా ఉండాలి. పది కోళ్లున్న ఇల్లాలు సీసా కొని ఏం చేసుకుంటుంది? ఊరంతా ఒకే రోజు సాయంత్రం, కోళ్లు గూటికి చేరాక వేయించుకుంటే పని అవుతుంది. ఏడాదికి రెండుసార్లు, అందులో ఒకటి వేసవికి ముందు, పశుసంవర్ధక శాఖ ప్రతి ఊరికీ టీకా రోజు ప్రకటించాలని మనం అడుగుతున్నాం. అలాగే 'నాటు' అని రాసి అమ్మే గుడ్డు ఏ కోడిదో, ఎలా పెంచిన కోడిదో పెట్టె మీద చెప్పాలని కూడా.

ఇంకో అవసరం 2025 ఫిబ్రవరిలో తెలిసొచ్చింది. గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గదా. జబ్బు తేలిన చోటికి కిలోమీటరు లోపల పెరటి కోళ్లను కూడా చంపాలన్నది నిబంధన. పరిహారం తల లెక్కన ఇస్తారు. ఫారం వాళ్లకు రిజిస్టర్లుంటాయి, పెరటి కోళ్లకు ఏ కాగితం ఉంది?

అందుకని గ్రామ కమిటీలు ఈ నెలాఖరులోగా ఇంటింటికీ తిరిగి పెట్టలెన్ని, పుంజులెన్ని, పోయిన వేసవిలో చచ్చినవెన్ని రాసి మండల కమిటీకి ఇవ్వండి. ఇల్లాలి పేరు మీదే రాయండి, కోళ్లు ఆమెవే. ఆ కాగితాలు పట్టుకుని వచ్చే నెల పశువైద్యశాలలకు వెళ్దాం.