కొత్త కంప్యూటర్ కొనే ముందు
2001 ఫిబ్రవరి 28న కోలార్ బంగారు గనులు మూతపడినప్పటి నుంచి అక్కడి చాంపియన్ రీఫ్స్‌లో ఎందరో పొద్దున్నే బెంగళూరు రైలెక్కి పనికి వెళ్లొస్తున్నారు. అలా సంపాదించిన డబ్బుతో పిల్లల చదువు కోసం కొన్న కంప్యూటర్‌లో మెనూలు నత్తనడక నడుస్తుంటే, ఏమీ చూడకుండానే షాపువాళ్లు ‘పాతబడింది, కొత్తది తీసుకోండి’ అనేయడం అన్యాయం. విండోస్‌లో సబ్‌మెనూ కావాలనే కాస్త ఆగి తెరుచుకుంటుంది. రిజిస్ట్రీలో ‘మెనూషోడిలే’ విలువ మామూలుగా 400 మిల్లీసెకన్లు. రిజిస్ట్రీ బ్యాకప్ తీసుకుని ఆ విలువను 100కి తగ్గించి, ఒకసారి లాగాఫ్ అయి వస్తే తేడా తెలుస్తుంది. మౌస్ కుడి బటన్ నొక్కాక చక్రం తిరుగుతూనే ఉంటే మాత్రం కారణం వేరు. జిప్ సాఫ్ట్‌వేర్, యాంటీవైరస్, గ్రాఫిక్స్ డ్రైవర్ లాంటివి ఆ మెనూలో తలో వరుస దూర్చేస్తాయి. అవి లోడయ్యేదాకా మెనూ కదలదు. ‘షెల్‌ఎక్స్‌వ్యూ’ అనే ఉచిత సాధనంతో మైక్రోసాఫ్ట్‌వి కానివన్నీ ఆపేసి, ఒక్కొక్కటే మళ్లీ ఆన్ చేస్తూ పోతే అసలు దొంగ దొరుకుతుంది. ఓపిక కావాలి, డబ్బు అక్కర్లేదు. మెనూలే కాదు, అన్నీ నెమ్మదిగా ఉన్నాయా? పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి. కొత్త మెషీన్‌కు బిల్లు రాసే ముందు ఇవన్నీ చేసి చూపించమని షాపువాళ్లను గట్టిగా అడగండి.